బొంత చేప పేగులో ముల్లుతల పురుగు: దొరికిన సీసం ఎవరిది?

విశాఖ తీరంలో బొంత చేపల పేగుల్లో బతికే ముల్లుతల పురుగుల్లో సీసం, కాడ్మియం ఎంత పేరుకున్నాయో కొలుస్తున్నాం. ఈ డైరీ ఆ పనిది. కాలేజీ ల్యాబుల్లో ఇలాంటి పని తలపెట్టేవాళ్లకు మా కొలతలు, మేం వదిలేసిన పద్ధతులు, వాటి కారణాలు ఉపయోగపడాలని రాస్తున్నాను. పురుగులో సీసం కొలవడానికి మంచి యంత్రం ఉంటే చాలు. ఆ సీసం పురుగుదేనని, మన చాకుదో, చేతి తొడుగుదో, పేగులోని బురదదో కాదని రుజువు చేయడంలోనే అసలు కష్టమంతా ఉంది.

నీటిలో లోహం ఎంతుందో చెప్పే సూచికగా పురుగునే ఎందుకు ఎంచుకున్నామంటే, దానికి నోరు లేదు, పేగు లేదు. ఒంటి పొర మీదుగానే ఆహారం పీల్చుకుంటుంది. చేప మొప్పల గుండా ఒంట్లోకి చేరిన సీసం రక్తంతో కాలేయానికి వెళ్లి, పైత్యరసంలో కలిసి పేగులోకి దిగుతుంది. పురుగుకి పైత్య లవణాలు అవసరం. వాటిని పీల్చుకున్నప్పుడు వాటిని అంటుకున్న సీసం కూడా లోపలికి పోతుంది. జర్మనీలో బెర్న్డ్ జూరెస్ బృందం 1990ల మధ్యలో రూర్ నది చబ్ చేపల్ని పరీక్షిస్తే, పోంఫోరింకస్ లేవిస్ అనే ముల్లుతల పురుగులో సీసం చేప కండలో కంటే 2,700 రెట్లు, కాడ్మియం 400 రెట్లు ఉన్నాయి. తర్వాత సముద్రంలోనూ ఇదే ధోరణి కనిపించింది. పోలండ్ తీరంలోని గ్డాన్స్క్ అఖాతంలో టర్బట్ చేపల బద్దె పురుగుల్లో, పర్షియన్ గల్ఫ్‌లో సొరల బద్దె పురుగుల్లో సీసం, కాడ్మియం చేప ఒంట్లో కంటే ఎక్కువగా తేలాయి. అలాగని అన్ని పురుగులూ ఇందుకు పనికొస్తాయని కాదు. ఈల్ చేప గాలితిత్తిలో రక్తం తాగి బతికే నెమటోడ్ (గుండ్రటి పురుగు) ఆంగ్విల్లికోలా క్రాసస్, అదే ఈల్ పేగులోని ముల్లుతల పురుగు కూడబెట్టినంత సీసం కూడబెట్టదు.

దశ 1: పాలసొరని వదిలేశాం

మొదట తీసుకున్నది పాలసొర. పేగు నిండా బద్దె పురుగులు దొరుకుతాయి, తూకానికి కొరత ఉండదు. అయినా రెండు కారణాల వల్ల ఆపేశాం.

మొదటిది ఉప్పునీళ్ల సమస్య. సొర రక్తంలో యూరియా ఎక్కువ, దాని ఒంటి ద్రవాల గాఢత దాదాపు సముద్రపు నీటికి సమానం. ఆ పేగులో బతికే పురుగు ఒళ్లూ అలాగే ఉంటుంది. ల్యాబుల్లో మామూలుగా వాడే 0.85 శాతం సెలైన్‌లో వేయగానే నీరు చొరబడి పురుగులు ఉబ్బాయి, కాసేపటికి పొరలు చిట్లాయి. చిట్లిన పురుగులోంచి లోహం ఎంత బయటికి పోయిందో లెక్క కట్టలేం. సముద్రపు నీటితోనే కడిగితే పురుగు బాగానే ఉంటుంది కానీ, ఆ నీటిలోని ఉప్పూ లోహాలూ పురుగు మీదే మిగిలిపోతాయి.

రెండోది ఇంకా పెద్దది. ఫిషింగ్ హార్బర్‌లో దిగిన సొర విశాఖ దగ్గర పట్టిందే కావాలని లేదు. మరబోట్లు రోజుల తరబడి సముద్రంలో ఉంటాయి, ఒడిశా వైపు కూడా పోతాయి. పైగా సొర కూడా ఒక్కచోటే ఉండదు. ఎక్కడి నీటి గురించి మాట్లాడుతున్నామో తెలియకుండా సూచిక అనే మాట వాడకూడదు.

ఇప్పటివరకు మొత్తం: పాలసొరలు 11, బద్దె పురుగులు 340 పైగా, విశ్లేషణకి పనికొచ్చినవి 0.

దశ 2: బొంత చేప, విసురు వల

బొంత ఒడ్డు దగ్గర, కాలువల్లో, మొగల్లో (నది సముద్రంలో కలిసే చోట్ల) మేస్తుంది. విసురు వలతో పడుతుంది కాబట్టి ఎక్కడ పట్టారో కళ్లతో చూడొచ్చు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లకు వేట నిషేధం. ఒడ్డున వల విసిరేవాళ్ల దగ్గర అప్పుడూ చేప దొరుకుతుంది. రెండు చోట్లు పెట్టుకున్నాం. ఒకటి హార్బర్ కాలువ వైపు, రెండోది గోస్తని సముద్రంలో కలిసే భీమిలి వైపు.

హార్బర్ వైపు పోర్టు, రిఫైనరీ, ఎరువుల కర్మాగారం ఉన్నాయి. 2012లో మూతబడ్డ జింక్ స్మెల్టర్ కూడా ఆ దిక్కునే ఉండేది. వీటిలో ఏ లోహం ఎక్కడి నుంచి వచ్చిందో ఈ పని చెప్పదు. దానికి సీసం ఐసోటోపుల నిష్పత్తులు కొలవాలి, మాకు అందుబాటులో ఉన్న యంత్రానికి అంత సున్నితత్వం లేదు.

చేపను పోల్చుకోవడంలో జాగ్రత్త. బొంతని పోలిన చేపలు చాలా ఉన్నాయి, బుట్టలో అన్నీ కలిసే వస్తాయి. మాకు కావాల్సిన బొంత ముగిల్ సెఫాలస్. దానికి కంటి మీద జిగురులాంటి పారదర్శక పొర మందంగా ఉండి, పాప దగ్గర మాత్రం సన్నని చీలిక మిగులుతుంది. ఆ పొర లేనివి పక్కన పెట్టేశాం.

చేపలు కోసే అక్క మా బుట్ట చూసి, "పురుగున్న పేగు మేం తీసి పారేత్తాం. నువ్వేటమ్మా, పేగుతో సహా తూకం వేయించుకుంటున్నావు?" అంది. చెప్పాక ఆమే ఒక ఏర్పాటు చేసింది. మా చేపలకు కత్తి తగలకుండా, పొట్ట కోయకుండా, విడిగా ఐసులో పెట్టి ఉంచుతుంది. ఈ ఏర్పాటు లేకపోతే పని సాగేది కాదు. చేప చచ్చాక పేగు గోడ కరగడం మొదలవుతుంది, పురుగు పట్టు వదిలి పొట్టలోకి జారుతుంది. పట్టిన మూడు గంటల్లోపు కోత అయిపోవాలన్నది మా నియమం.

పురుగున్న చేప తినొచ్చా అని ఆమె అడిగింది. ఈ పురుగు ఉండేది పేగులోనే. పేగు తీసేసి కడిగి వండుకునే ఇంట్లో దీనివల్ల భయపడాల్సింది లేదని చెప్పాను.

ఇప్పటివరకు మొత్తం: కొన్న చేపలు 71. వేరే జాతివని తీసేసినవి 7. మిగిలిన బొంతలు 64 (హార్బర్ వైపు 38, భీమిలి వైపు 26).

దశ 3: కోత

ప్రస్తుతం పాటిస్తున్న వరస ఇది. మొదట ఇలా లేదు, ఒక్కో మార్పుకి కారణం కింద రాశాను.

1. చేప పొడవు, బరువు, ఆడా మగా రాసుకోవాలి.
2. పొలుసులు, పైచర్మం స్టీలు చాకుతో తీయొచ్చు. అక్కడి నుంచి లోపలికి సిరామిక్ చాకు, ప్లాస్టిక్ పట్టకారు మాత్రమే.
3. వీపు రెక్క కింద చర్మం ఒలిచి, లోపలి కండలోంచి ముక్క తీయాలి. కాలేయం విడిగా తీయాలి. పిత్తాశయం చిట్లకూడదు.
4. పేగు మొత్తం విప్పి, ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కని ప్లాస్టిక్ పెట్రీ డిష్‌లో నిలువుగా చీల్చాలి.
5. పురుగుని పేగు గోడ నుంచి నెమ్మదిగా విడదీసి, లెక్కపెట్టి, కడగాలి.
6. ఆమ్లంతో కడిగిన గొట్టంలో పెట్టి మైనస్ 20 డిగ్రీల్లో ఉంచాలి. ఫార్మలిన్, ఆల్కహాల్ వద్దు, వాటిలోకి లోహం కారిపోతుంది.

స్టీలు ఎందుకు మానేశామంటే, దానిలోంచి క్రోమియం, నికెల్ నమూనాలోకి వచ్చాయి. మా లక్ష్యం సీసం, కాడ్మియమే అయినా, పనిముట్టు నమూనాకి ఏదో ఒకటి ఇస్తోందని తెలిశాక దాన్ని వాడటం కుదరదు.

బొంత పేగు చేప పొడవుకి ఎన్నో రెట్లు ఉంటుంది, చుట్టలు చుట్టలుగా ఉంటుంది. విప్పడానికే సమయమంతా పోతుంది. పురుగులు ఒకే చోట గుంపుగా ఉంటాయి కాబట్టి ఆ చోటు దొరికిందాకా ఏ ముక్కనీ పారేయకండి.

జాతి నిర్ధారణకి తీసిన పురుగుల్ని మాత్రం చల్లటి డిస్టిల్డ్ వాటర్‌లో ఫ్రిజ్‌లో పెడితే ముడుచుకున్న తల బయటికి వస్తుంది. మైక్రోస్కోపు కింద అది చిన్న గుండ్రటి బుడిపె. దాని చుట్టూ మూడు వరసల్లో, వరసకి ఆరు చొప్పున 18 కొక్కేలు. పై వరసవి పెద్దవి, వెనక్కి వంగి ఉంటాయి. ఒంటి గోడలో అక్కడక్కడా ఉబ్బెత్తుగా పెద్ద కేంద్రకాలు కనిపిస్తాయి. ఇవి నియోఎకినోరింకస్ గుర్తులు. నీళ్లలో నానిన ఈ పురుగుల్ని లోహ పరీక్షకు వాడకూడదు.

ఇప్పటివరకు మొత్తం: 64 చేపల్లో పురుగులున్నవి 23 (హార్బర్ 14, భీమిలి 9). పురుగులు 231. జాతి నిర్ధారణకి 18, లాగేటప్పుడు తెగి పక్కన పెట్టినవి 27.

దశ 4: బురద

బొంత బురద మేసే చేప. పేగు చీలిస్తే నల్లటి మెత్తటి మట్టి, ఇసుక రేణువులు, మధ్యలో పురుగులు. సీసం నీటిలో కరిగి ఉండే దానికంటే మట్టి రేణువులకి పట్టి ఉండేది చాలా ఎక్కువ. అంటే పురుగు ఒంటికి అంటుకున్న చిటికెడు బురద చాలు, మొత్తం కొలత బురద కొలత అయిపోతుంది. ఈ ప్రశ్న తేలకుండా ముందుకు వెళ్లకూడదని పని ఆపి, విడిగా ఒక పరీక్ష చేశాం.

దీనికి అల్యూమినియంని గుర్తుగా పెట్టుకున్నాం. మట్టిలో అది పుష్కలంగా ఉంటుంది, పురుగు ఒంట్లో ఉండాల్సిన పని లేదు. కాబట్టి గొట్టంలో అల్యూమినియం కనిపిస్తే బురద ఉందన్నమాట.

1. ఒకే పరిమాణంలో ఉన్న 34 పురుగుల్ని రెండు సమాన కుప్పలు చేశాం.
2. మొదటి కుప్పని పైపైన తుడిచి అలాగే ఎండబెట్టాం.
3. రెండో కుప్పని శుద్ధమైన సెలైన్‌లో, ప్లాస్టిక్ పిప్పెట్‌తో నీళ్లు చిమ్ముతూ మూడు సార్లు కడిగాం. చివర్లో మైక్రోస్కోపు కింద ఒక్కో పురుగునీ చూసి, మడతల్లో చిక్కిన రేణువులు తీశాం.
4. కడిగిన నీళ్లని కూడా ఒక్కోసారి విడిగా పట్టి కొలిచాం.

కడిగిన కుప్పలో అల్యూమినియం ఇరవయ్యో వంతుకి పడిపోయింది. సీసం మాత్రం మూడో వంతే తగ్గింది. రెండూ బురదవే అయితే రెండూ ఒకే తీరుగా పడిపోవాలి. మిగిలిన సీసం పురుగు ఒంటిదని చెప్పడానికి మాకున్న గట్టి ఆధారం ఇదే. మూడో కడుగు నీళ్లలో సీసం బ్లాంక్ (నమూనా లేని గొట్టం) స్థాయికి దిగింది కాబట్టి ఎక్కువ కడగడం వల్ల పురుగులోంచి లోహం కారిపోవడం లేదనీ తెలిసింది. నాలుగోసారి కడగడం లేదు.

అప్పటి నుంచి ప్రతి గొట్టంలోనూ అల్యూమినియం కూడా కొలుస్తున్నాం. హద్దు దాటిన గొట్టం, సీసం ఎంత చూపించినా, లెక్కలోకి రాదు. ఇలాంటి పనుల మీద రాసేవాళ్లు మట్టి మేసే చేపల్ని తీసుకున్నప్పుడు ఈ కొలత తప్పనిసరిగా ఇవ్వాలని నా అభిప్రాయం.

దశ 5: తూకం

పురుగు ఒక్కోటి తడిగా సగటున 2.8 మి.గ్రా. ఎండాక 0.55 మి.గ్రా. మైక్రోవేవ్ డైజెషన్‌కి (ఆమ్లంలో వేడిచేసి కరిగించడానికి) కనీసం 10 మి.గ్రా. ఎండు తూకం కావాలని పెట్టుకున్నాం. అంటే ఒక్క గొట్టానికి దాదాపు 18 పురుగులు. అన్ని పురుగులు ఒక్క చేపలోనే దొరికింది మూడుసార్లే. మిగతా చోట్ల ఒకే స్థలంలో పట్టిన, పొడవు దగ్గరదగ్గరగా ఉన్న చేపల పురుగుల్ని కలపాల్సి వచ్చింది.

కలిపితే నష్టం ఉంది. చేపకీ చేపకీ మధ్య తేడా కనిపించకుండా పోతుంది. ఇన్ని పురుగుల్ని కొలిచాం అని రాసుకోవడం కూడా సరికాదు. ఎన్ని గొట్టాలో అన్నే కొలతలు.

ఇప్పటివరకు మొత్తం: పురుగులు 231. తీసేసినవి 18, 27, కడుగు పరీక్షకి 34. మిగిలినవి 152, ఎండు తూకం 83.6 మి.గ్రా., గొట్టాలు 7 (హార్బర్ 4, భీమిలి 3).

దశ 6: బ్లాంక్

ఎక్కువ కాలం తిన్నది ఈ దశే. బ్లాంక్ అంటే నమూనా లేకుండా మిగతా పనంతా చేసిన గొట్టం. అందులో ఏమొస్తే అది మనం బయటి నుంచి కలిపిందే.

తూకం తక్కువైతే బ్లాంక్ ఎంత కీలకమో ఒక లెక్కలో చూపిస్తాను. యంత్రం నమ్మకంగా కొలవగలిగే కనీస పరిమితిని బ్లాంకుల ప్రామాణిక విచలనానికి 10 రెట్లుగా తీసుకుంటాం. ద్రావణంలో అది లీటరుకి 0.3 మైక్రోగ్రాములు అనుకోండి.

- కండ: 200 మి.గ్రా. 10 మి.లీ.లో. పరిమితి కిలోకి 0.015 మి.గ్రా.
- పురుగు: 10 మి.గ్రా. 5 మి.లీ.లో. పరిమితి కిలోకి 0.15 మి.గ్రా.

అదే యంత్రం, అదే ఆమ్లం. పురుగు విషయంలో పరిమితి 10 రెట్లు పైన కూర్చుంది. మొదట్లో మా పరిమితి 0.3 కాదు, 2.1. అంటే పురుగులో కిలోకి 1.05 మి.గ్రా. కంటే తక్కువ సీసం ఉంటే మాకు కనిపించదు. అందుకని ఒక్కో వస్తువునీ విడిగా పట్టుకుని కొలిచాం.

1. నీళ్లు: బాగున్నాయి.
2. నైట్రిక్ యాసిడ్: అన్నిటికంటే ఎక్కువ సీసం ఇక్కడే. ఎనలిటికల్ గ్రేడ్ మానేసి ట్రేస్ మెటల్ గ్రేడ్ తీసుకున్నాం. ఖరీదెక్కువ, వేరే దారి లేదు.
3. సెలైన్: మామూలు సోడియం క్లోరైడ్‌లోనూ సీసం ఉంది. అత్యంత శుద్ధమైన ఉప్పుతో మళ్లీ కలిపాం.
4. పిప్పెట్ టిప్పులు: పసుపు రంగువాటిలో కాడ్మియం వచ్చింది. రంగులేనివి వాడుతున్నాం.
5. చేతి తొడుగులు: పౌడరున్న రబ్బరు తొడుగుల నుంచి జింక్. పౌడర్ లేని నైట్రైల్‌కి మారాం.
6. గాలి: కోత సాగుతున్నంత సేపూ బల్ల మీద ఆమ్లం పోసిన గొట్టం మూత తీసి ఉంచాం. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు, కిటికీ తెరిచి ఉన్నప్పుడు సీసం స్పష్టంగా పెరిగింది. ఇప్పుడు ఫ్యాన్ ఆపి, పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టె లోపల చేతులు పెట్టి కోస్తున్నాం.

గొట్టాలు, డబ్బాలు 10 శాతం నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, శుద్ధ జలంతో కడగడం మొదటి నుంచీ ఉంది. పరిమితి 2.1 నుంచి 0.3కి దిగడానికి ఎక్కువ తోడ్పడినవి యాసిడ్ మార్పు, గాలి మార్పు. డబ్బు తక్కువుంటే ముందు ఈ రెండూ చేయండి.

దశ 7: ప్రామాణిక నమూనాతో సరిచూసుకోవడం

కెనడా జాతీయ పరిశోధన మండలి తయారు చేసే చేప ప్రోటీన్ పొడి డార్మ్, డాగ్‌ఫిష్ కాలేయం పొడి డోల్ట్. వీటిలో లోహాలు ఎంతున్నాయో సర్టిఫికెట్ ఉంటుంది. సర్టిఫికెట్ చెప్పే తూకంతో చేస్తే, అందులో రాసిన విలువలో సీసం 94 నుంచి 103 శాతం వచ్చింది. మా పురుగుల తూకం 10 మి.గ్రా. కదా, పొడినీ అంతే తీసుకుని చేస్తే 71 నుంచి 128 శాతం దాకా చెదిరింది. పొడి కూడా అంత కొంచెంలో ఒకేలా ఉండదు, తూకంలో తేడాలూ కలుస్తాయి.

మా పురుగు కొలతల మీద ఈ చెదురు ఉందని ఒప్పుకునే చదవాలి. రెండు చోట్ల మధ్య తేడా దీనికంటే చిన్నదైతే తేడా ఉందని అనలేం.

దశ 8: ఇప్పుడు చేతిలో ఉన్నది

ఏడు గొట్టాల్లోనూ సీసం మా కొలత పరిమితికి పైనే ఉంది. అల్యూమినియం అన్నిట్లోనూ హద్దులోపే. కండలో మాత్రం చాలా చేపల్లో సీసం 0.015 పరిమితి కిందే ఉంది.

ఇక్కడ ఒక చిక్కు. పురుగు, కండల నిష్పత్తి చెప్పాలంటే కింద కండ అంకె ఉండాలి. అది దొరకనప్పుడు పరిమితిలో సగం వేసుకుని భాగించడం వాడుకలో ఉంది. అలా చేస్తే నిష్పత్తి మన బ్లాంక్‌ని బట్టి మారుతుంది, చేపని బట్టి కాదు. పాత బ్లాంక్‌తో ఒక నిష్పత్తి, కొత్త బ్లాంక్‌తో ఏడు రెట్లు పెద్ద నిష్పత్తి వస్తుంది, పురుగులో ఏ మార్పూ లేకుండానే. అందుకని కండ కొలత అందిన చేపలకే నిష్పత్తి వేస్తున్నాం, మిగతా చోట్ల "ఇంతకంటే ఎక్కువ" అని మాత్రమే రాస్తున్నాం.

కండలో అంకె దొరక్కపోవడమే పురుగు అవసరాన్ని చూపిస్తోంది. చేప కండని మాత్రమే కొలిచి ఉంటే ఈ తీరంలో సీసం గురించి మా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

కాడ్మియం అంత సులువుగా లేదు. కాలేయంలో అది ప్రతి చేపలోనూ దొరికింది, కొన్ని గొట్టాల్లో పురుగు కంటే కాలేయంలోనే ఎక్కువ. కాడ్మియంకి ఈ పురుగు మంచి సూచిక అని ఇప్పుడు అనను.

ఇంకో మాట, కొలతలు చదివేవాళ్లకి. ఇవన్నీ ఎండు తూకం మీద. ఆహార పరిమితులు తడి తూకం మీద ఉంటాయి, ఉదాహరణకి యూరోపియన్ యూనియన్‌లో చేప కండకి సీసం కిలోకి 0.3 మి.గ్రా. మా చేపల కండలో నీరు 78 శాతం, కాబట్టి ఎండు అంకెని సుమారు 4.5తో భాగించి పోల్చాలి. పురుగు అంకెని ఏ ఆహార పరిమితితోనూ పోల్చకూడదు.

హార్బర్, భీమిలి పోలిక ఇవ్వడం లేదు. నాలుగు, మూడు గొట్టాలతో అది కుదరదు. చేపల పేరు, ఊరి పేరు, ఒక పెద్ద అంకె కలిసి బయటికి వెళ్తే నష్టపోయేది బుట్ట ముందు కూర్చున్న అక్కలు. గట్టిగా తేలేదాకా ఆ అంకె నేను రాయను.

తర్వాత చేయాల్సినవి:

1. ఒక్కో చోట కనీసం 10 గొట్టాలు. ఇప్పటి దిగుబడి ప్రకారం (గొట్టానికి దాదాపు 22 పురుగులు, పురుగులున్నవి మూడో వంతు చేపలు) హార్బర్ వైపే ఇంకా అరవైకి దగ్గరగా చేపలు కావాలి.
2. పురుగులున్న చేపల కాలేయం, లేని చేపల కాలేయం పోల్చడం. చబ్ చేపల్లో పురుగులున్నవాటి పేగు గోడలో సీసం తక్కువని 1999లో తేలింది. బొంతలోనూ అలాగే ఉంటే, పురుగులున్న చేపల్నే తీసుకుని నీటిని అంచనా వేస్తే తక్కువ చూపిస్తుంది. మా దగ్గర పురుగుల్లేని 41 చేపల కాలేయాలు ఫ్రీజర్‌లో ఉన్నాయి, వాటితో మొదలుపెడుతున్నాం.
3. వానాకాలంలో గోస్తని నీరు పెరిగి మొగలో ఉప్పదనం తగ్గినప్పుడు మళ్లీ పట్టడం. ప్రతి పట్టుకీ నీటి ఉప్పదనం రాసుకోవాలి.
4. పేగులోని బురదని కూడా ప్రతి చేపకీ విడిగా దాచడం. ఇప్పటిదాకా కడుగు పరీక్ష చేపలకే దాచాం.